మొగ్గ నుంచి చిగురాకు దాకా: జపాన్ సకుర పాటలతో వసంతానికి ప్లేలిస్టు కట్టుకుందాం

యూట్యూబ్‌లో సకుర (జపాన్ చెర్రీ పువ్వు) పాటలు అని వెతికితే ముందు వరసలో వచ్చేవి గంటల తరబడి సాగే మిక్సులు. గులాబీరంగు చెట్టు బొమ్మ, వెనకాల కోటో తీగల చప్పుడు, మధ్యమధ్య పిట్టల కూతలు. నిద్ర పట్టడానికి పనికొస్తాయేమో గానీ, మార్చి వచ్చిందంటే టోక్యో లోకల్ ట్రైన్లో ఆఫీసుకెళ్లే అమ్మాయి చెవిలో మోగేవి అవి కావు. అక్కడ సకుర పాటంటే మాటలూ కథా ఉన్న పాట. ఆ కథ చాలాసార్లు బడి అయిపోయి స్నేహితులు విడిపోవడం గురించి ఉంటుంది, ఊరు వదిలి వెళ్లడం గురించి ఉంటుంది, ఎప్పుడో తెగిపోయిన ప్రేమ గురించి ఉంటుంది. పువ్వు పక్కన సాక్షిగా నిలబడుతుంది, అంతే.

అందుకే ఈ పాటల్ని హిట్ల జాబితాలా కలగాపులగంగా పెట్టుకుంటే రెండో రోజుకే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. చెట్టు నడిచే వరసలోనే పాటల్నీ పేర్చుకోవాలన్నది నా పట్టుదల. ముందు మొగ్గ, తర్వాత నిండు పూత, ఆపైన రేకుల వాన, చివరికి చిగురాకు. ఈ ఎంపిక మన ఆడవాళ్లని మనసులో పెట్టుకుని చేసింది కాబట్టి ఆడగొంతులు, ఆడవాళ్లు రాసుకున్న మాటలు, ఆడవాళ్ల కథలు ఎక్కువ. మగవాళ్లవి రెండే ఉన్నాయి. అవి లేకపోతే మాత్రం జాబితాకి కళ రాదు.

మొదటి అడుగు: క్యాలెండర్ చూసుకోండి

టోక్యోలో సకుర మామూలుగా మార్చి చివరి వారాల్లో పూస్తుంది. పూత క్యూషూ, షికోకు వైపు మొదలై ఉత్తరానికి పాకుతుంది. హిరోసాకి కోట దగ్గరికి ఏప్రిల్ రెండో సగంలో చేరుతుంది, హొక్కైడోలో మే మొదటి రోజుల దాకా సాగుతుంది. దక్షిణాన ఒకినావాలో వేరే రకం చెట్టు జనవరిలోనే పూసేస్తుంది, దాని లెక్క వేరు.

టోక్యోకి కొలమానం యాసుకుని మందిరం ఆవరణలో ఉన్న ఒక చెట్టు. దాని మీద అయిదారు పూలు విచ్చుకోగానే వాతావరణ శాఖ పూత మొదలైందని ప్రకటిస్తుంది. 80 శాతం విచ్చుకుంటే నిండు పూత. ఈ రెండిటికీ మధ్య వారం, కాస్త అటూఇటూ. ఆ తర్వాత ఒక్క గాలివాన చాలు, కథ ముగుస్తుంది. ఎక్కువగా కనిపించే సొమెయ్-యొషినొ రకం చెట్లన్నీ అంటు కట్టి పెంచినవే, అంటే అన్నీ ఒకే చెట్టుకి నకళ్లు. అందుకే ఒక ఊళ్లోవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలుతాయి. పాటల్లో రేకుల వాన అంత పెద్ద సంగతి కావడానికి ఇదే మూలం.

ఇంకో సంగతి తెలియకపోతే ఈ పాటల్లో సగం అర్థం కావు. జపాన్లో విద్యా సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్లో మొదలవుతుంది. కొత్త ఉద్యోగాలూ ఏప్రిల్ 1నే. మనకి ఏప్రిల్ 1 అంటే బ్యాంకు లెక్కలు తేల్చుకునే రోజు. వాళ్లకి బడి, కాలేజీ, కొలువు, కొత్త ఊళ్లో అద్దె గది, అన్నీ ఆ వారంలోనే. వీడ్కోలు మార్చిలో, పలకరింపు ఏప్రిల్లో, ఈ రెండిటి మధ్యా పూత. సంక్రాంతికి మన దగ్గర పెద్ద సినిమాలు దిగినట్టు, 2000 తర్వాత అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త సకుర పాటలు దిగడం ఆనవాయితీ అయిపోయింది.

మీ క్యాలెండర్లో గుర్తు కావాలంటే ఉగాది ఉంది. అదీ దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. ఉగాదికి ముందు మొగ్గ పాటలు, పండగ వారంలో నిండు పూత, ఏప్రిల్ నడిమికి రేకులు, నెలాఖరుకి చిగురాకు. ఇంతకంటే కచ్చితంగా లెక్క కట్టక్కర్లేదు.

రెండో అడుగు: తొలి పాటని శ్రుతి పెట్టుకుని పాడండి

జాబితా తలుపు తీసే పాట "సకుర సకుర". ఎడో కాలంలో (1603–1868) కోటో నేర్చుకునే పిల్లలకి చెప్పే వరస అది. 1888లో టోక్యో సంగీత పాఠశాల అచ్చువేసిన కోటో పాఠాల పుస్తకంలో చేరాక దేశమంతటికీ తెలిసింది. ఇటలీ స్వరకర్త పుచ్చీని 1904 నాటి తన ఒపేరా "మదామా బటర్‌ఫ్లై"లో ఈ వరసని వాడుకున్నాడు. చూపులేని కోటో విద్వాంసుడు మియాగి మిచియో 1923లో దీన్ని రకరకాలుగా తిప్పి కోటో కోసం పెద్ద రచన చేశాడు. మాటలు లేకుండా వినాలనుకునేవాళ్లు ఆ మిక్సుల జోలికి పోకుండా ఆ రచన వినండి.

వినడానికంటే ముందు దీన్ని పాడమని చెప్తాను. చిన్నప్పుడు సంగీతం టీచరు దగ్గర నాలుగు రోజులు కూర్చున్నవాళ్లెవరికైనా ఇది చిటికెలో వచ్చేస్తుంది. మాయామాళవగౌళలో సరళీ వరసలు గుర్తున్నాయి కదా? వాటిలోంచి గాంధారం, నిషాదం తీసేయండి. మిగిలినవి స రి మ ప ద. రిషభం శుద్ధ రిషభమే, ధైవతం శుద్ధ ధైవతమే. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని ఇలా పట్టుకోండి:

మ మ ప – మ మ ప – మ ప ద ప – మ పమ రి

మొదటి రెండు ముక్కలూ "సకుర, సకుర". పాట చివర్లో అవే రెండు ముక్కలు మళ్లీ వచ్చాక ముగింపు ఇలా దిగుతుంది: స రి పమ రి స. నడుమ ఒకచోట మంద్ర స్థాయి ధైవతం, పంచమం తగులుతాయి, అక్కడ గొంతు కొంచెం లోతుకి వెళ్లాలి. "కర్ణాటక శుద్ధ సావేరి" అనే రాగం స్వరాలు ఇవే. హిందుస్తానీ వినేవాళ్లకి గుణక్రి గుర్తొస్తుంది. ఒక్క జాగ్రత్త, గమకం వెయ్యకండి. మనకి రిషభం దగ్గర గొంతు దానంతటదే ఊగుతుంది, అలా ఊగిందా అది మన పాట అయిపోతుంది. స్వరం మీద నిటారుగా నిలబడి, అలాగే తర్వాతి మెట్టు మీదికి అడుగు వెయ్యాలి.

టోక్యోలో యమనోతె లైన్ మీద కొమగొమె స్టేషన్లో రైలు తలుపులు మూసుకునే ముందు మోగేది ఈ వరసే. సొమెయ్-యొషినొ పుట్టిల్లు అనే సొమెయ్ గ్రామం ఒకప్పుడు ఆ పక్కనే ఉండేది మరి.

మూడో అడుగు: నాలుగు దశలకీ పాటలు ఏరుకోండి

*మొగ్గ.* ఇక్కడికి తేలికగా, చలాకీగా ఉన్నవి కావాలి. మత్సుద సేకో 1981లో పాడిన "చెరీ బ్లాసమ్"తో మొదలుపెట్టండి. గిటార్ మొదలవగానే కిటికీ తలుపులు బార్లా తెరవాలనిపిస్తుంది. తర్వాత యుయి పాడిన "చెరీ", 2007లో వచ్చింది. పేరులో అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాస్తారు, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఒక అబ్బాయి మీద మనసుపడి, మెసేజ్ పంపి, జవాబు కోసం ఫోన్ పట్టుకు కూర్చున్న అమ్మాయి పాట. వాట్సాప్‌లో నీలం టిక్కుల కోసం ఎదురుచూసిన ఎవరికైనా వేరే అనువాదం అక్కర్లేదు.

మూడోది యూమి మత్సుతొయ రాసి పాడిన "హరు యొ, కొయి". 1994లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే పొద్దుటి సీరియల్‌కి టైటిల్ పాటగా వచ్చింది. ప్రతి సకుర జాబితాలోనూ ఇది కనిపిస్తుంది గానీ, నిజానికి ఇందులో పూసేది సకుర కాదు, జిన్‌చోగె. ఘాటైన సువాసన ఉన్న చిన్న పొద పువ్వు. సకుర కంటే ముందే పూస్తుంది కాబట్టి చెట్ల లెక్క ప్రకారం కూడా దీని చోటు మొగ్గ దశలోనే. వసంతమా, రా అని పిలిచే ఈ పాటలో మొదట్లో వచ్చే పియానో పలుకులే సగం పని చేసేస్తాయి.

*నిండు పూత.* ఇక్కడ నెమ్మది పాటలు పెట్టొద్దు. పూలు నిండుగా ఉన్న రోజుల్లో చెట్ల కింద చాపలు పరుచుకుని తిండీ తాగుడూ గోలా ఉంటుంది, పాటల్లోనూ ఆ ఊపు ఉండాలి. "సెంబొన్‌జకుర" పెట్టండి. 2011లో కురొఉస-పి అనే సంగీతకారుడు హత్సునె మికు అనే కంప్యూటర్ గొంతుతో చేసిన పాట అది. ఇంట్లో అనిమే (జపాన్ కార్టూన్లు) చూసే పిల్లలుంటే వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది. మీరు మాత్రం వాగక్కి బ్యాండ్ వాళ్లది వినండి. కోటో, షకుహచి వేణువు, మూడు తీగల షమిసెన్, పెద్ద డోళ్లు ఒకపక్క, ఎలక్ట్రిక్ గిటార్ ఇంకోపక్క, వాటి మీదుగా సుజుహన యూకో గొంతు. ఆమె పద్యాలు రాగం తీసి చదివే జపాన్ సంప్రదాయంలో తయారైన గాయని, ఆ ఒడుపు పాటలో తెలిసిపోతుంది. ఆదివారం ఇల్లు సర్దుకునేటప్పుడు దీన్ని మించింది లేదు.

దాని పక్కనే "యొజకుర ఒషిచి" ఉండాలి. నా మటుకు మొత్తం జాబితాలో గట్టి పాట ఇదే. సకమొతొ ఫుయుమి 1994లో పాడింది, మాటలు హయషి అమరి అనే కవయిత్రివి, బాణీ మికి తకషి. ఎన్క అనే పాతకాలపు బరువైన బాణీలకి రాక్ వేగం తొడిగిన పాట. ఇందులో ఒషిచి ఎడో (ఇప్పటి టోక్యో) నగరంలో కూరగాయల వర్తకుడి కూతురు. కథ ప్రకారం, ఊళ్లో మంటలంటుకుని జనం గుడిలో తలదాచుకున్నప్పుడు ఆ పిల్లకి ఒక కుర్రాడు పరిచయమవుతాడు. ఇంటికి తిరిగొచ్చాక, మళ్లీ మంటలొస్తే మళ్లీ చూడొచ్చని తనే నిప్పు పెడుతుంది. 1683లో ఆ పిల్లని సజీవ దహనం చేశారు. కబుకి నాటకాల్లో, బొమ్మలాటలో వందల ఏళ్లుగా ఆడుతున్న కథ. పాటలో ఆ పిల్ల పేరు మాత్రం తీసుకుని, రాత్రి సకుర కింద ప్రియుడు ఇక రాడని తెలుసుకున్న ఆడదాని కోపంగా మార్చారు. సకుర, సకుర అని కేక వేసే చోట వాల్యూమ్ తగ్గించకండి.

*రేకుల వాన.* గుండెకాయ ఇదే, పాటలూ ఇక్కడే ఎక్కువ.

మొదట మోరియామా నవొతరో 2003 నాటి "సకుర". ఏకగాన రూపం తీసుకోండి, ఒక్క పియానో, ఒక్క గొంతు. విడిపోతున్న స్నేహితుడికి, మళ్లీ ఇక్కడే కలుద్దాం అని చెప్పే పాట. మగగొంతు గానీ పైస్థాయికి వెళ్లేసరికి దాదాపు ఆడశ్రుతిలోకి జారుతుంది. విడుదలైన కొత్తలో చార్టు అడుగున ఉండి, వారాల మీద మొదటి స్థానానికి పాకింది. ఆ తర్వాత బడి వీడ్కోలు సభల్లో పిల్లలు పాడే పాటగా స్థిరపడిపోయింది.

దాని తర్వాత ఇకిమొనొగకరి బ్యాండ్ పెద్ద సంగీత సంస్థ తరపున 2006లో తెచ్చిన తొలి పాట "సకుర". యొషియోక కియొఎ గొంతు శుభ్రంగా, పక్కింటి అమ్మాయి గొంతులా ఉంటుంది. పాటలో ఒక చోట ఒదక్యూ లైన్ రైలు కిటికీలో ఈ ఏడూ సకుర కనిపించింది అని వస్తుంది. టోక్యో నుంచి కనగవ వైపు వెళ్లే మామూలు లోకల్ లైన్ అది, ఆ బ్యాండ్ వాళ్ల సొంత ఊళ్ల మీదుగా పోతుంది. ప్రేమ పాటలో రైల్వే లైన్ పేరు చెప్పడం నాకు భలే నచ్చుతుంది. బాధ ఎక్కడో ఆకాశంలో ఉండదు, రోజూ ఎక్కే బండి కిటికీలో ఉంటుంది. ఈ పాటలోనే "హిరహిర" అనే మాట వినిపిస్తుంది. రేకు గాలిలో తేలుతూ దిగే తీరుకి జపాన్ వాళ్ల ధ్వని అది. ఒకసారి చెవిన పడితే మిగతా పాటల్లోనూ దొరుకుతుంది. దాంతోపాటు "హరు" వసంతం, "కజె" గాలి, "హనబిర" పూరేకు, ఈ నాలుగూ పట్టుకుంటే మాటలు రాకపోయినా పాట ఎక్కడుందో తెలుస్తుంది.

నకషిమ మిక 2005లో పాడిన "సకుర-ఇరొ మౌ కొరొ" ఇంకా నెమ్మది. ఒక ప్రేమ ఏడాదంతా ఎలా నడిచిందో చెప్తుంది. సకుర రంగుతో మొదలై, లేతాకు రంగు, శిశిరపు ఎరుపు, మంచు తెలుపు. నలుగురిలో వినే పాట కాదు, రాత్రి గిన్నెలు సర్దేశాక వినండి. ఏకేబీ48 అమ్మాయిల తొలి పాట "సకుర నొ హనబిర-తచి" 2006లో వచ్చింది, అదీ బడి వీడ్కోలు పాటే. ఆ బృందం నుంచి ఒకమ్మాయి తప్పుకుంటే దాన్ని కూడా పట్టభద్రత అనే అంటారు. ఈ దశలో చివరిది యొరుషిక 2021 పాట "హరు దొరొబో", వసంతాన్ని దోచుకుపోయే దొంగ అని. దొంగ ఎవరో కాదు, గాలి. రాలే పూలని మనిషి ఆయుష్షుగా చూస్తూనే బాణీ మాత్రం హుషారుగా పరుగెత్తుతుంది, ఆ పొత్తు కుదరకపోవడమే దాని అందం.

*చిగురాకు.* పూలు పోయి ఆకులొచ్చే రోజులు. గాయం మానుతున్న పాటలు పెట్టండి. ఉతద హికరు 2002 "సకుర డ్రాప్స్" రాసినప్పటికి వయసు 19. ఇంకోసారి మనసు విరగనివ్వనని ఒట్టు పెట్టుకునే పాట. వసంతంలో మొదలై వేసవి వాన దాకా వెళ్తుంది. మగవాళ్లలో రెండోవాడు ఫుకుయమ మసహరు, 2000లో వచ్చిన "సకురజక". ఇరవై లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఈ పాటే ఆ తర్వాతి సకుర వరదకి గేట్లెత్తింది. టోక్యో ఒత వార్డులో నిజంగా ఉన్న ఒక వాలు రోడ్డు పేరది. విడిపోయిన మనిషి ఎక్కడున్నా సుఖంగా ఉండాలని కోరుకుంటాడు.

ఆంజెల అకి "సకుర-ఇరొ", హితొతొ యో "హనమిజుకి" రెండూ అమెరికాలో ఉన్న మన ఆడపడుచుల కోసం. మొదటిది 2007 నాటిది, ఆంజెల గాయనిగా నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతూ వాషింగ్టన్‌లో గడిపిన రోజుల జ్ఞాపకం. వర్జీనియాలో ఉండి ఏటా పిల్లల్ని తీసుకుని చుట్టూ సకుర చెట్లున్న వాషింగ్టన్ చెరువు టైడల్ బేసిన్‌కి వెళ్లేవాళ్లు అక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినొచ్చు. ఆ చెట్లు 1912లో టోక్యో మేయర్ ఒజకి యుకియో పంపిన 3,020 మొక్కల సంతతి. అంతకు ముందు 1910లో పంపిన 2,000 మొక్కలకి తెగుళ్లున్నాయని అధికారులు తగలబెట్టేశారు. ఇదంతా కదిలించింది ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి. వాషింగ్టన్‌లో పోటోమాక్ నది ఒడ్డున సకుర నాటించాలని రెండు దశాబ్దాలకు పైగా పట్టువదలకుండా అడిగింది. చివరికి 1912 మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిందా కలిసి మొదటి రెండు మొక్కలు నాటారు. బదులుగా 1915లో అమెరికా డాగ్‌వుడ్ మొక్కలు పంపింది. జపాన్‌లో వాటి పేరు హనమిజుకి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత రాసి, 2004లో విడుదల చేసిన "హనమిజుకి"లో హితొతొ యో, నువ్వూ నీకు నచ్చిన మనిషీ నూరేళ్లు ఉండాలని కోరుతుంది. సకుర రాలాకే ఆ పువ్వు పూస్తుంది కాబట్టి జాబితాలో ఆఖరి చోటు దానిదే. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉన్నవాళ్లు వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు, న్యూవార్క్‌లో బ్రాంచ్ బ్రూక్ పార్కులో 5,000కు పైగా సకుర చెట్లున్నాయి.

నాలుగో అడుగు: పేరు చూసి మోసపోకండి

ఒత్సుక అయి "సకురంబొ" హాయిగా గంతులేసే పాట. కానీ సకురంబొ అంటే చెర్రీ పండు. స్పిట్జ్ బ్యాండ్ 1996 పాట "చెరీ"లోనూ సకుర పూలు రావు. వింటానంటే వినండి, రెండూ మంచి పాటలే, కాకపోతే ఈ వరసలో ఇమడవు.

జాగ్రత్త పడాల్సింది "దోకి నొ సకుర" దగ్గర. వెతుకులాటలో అదీ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక గీతం, మనం ఒకే చెట్టు పూలం, దేశం కోసం అందంగా రాలిపోదాం అని కుర్రాళ్లతో పాడించినది. రాలే పువ్వు అందమనే మాటని ఒకప్పుడు చావుకి పంపడానికి కూడా వాడుకున్నారు. తెలుసుకోవడం మంచిదే, పండగ పూట జాబితాలో మాత్రం పెట్టుకోవద్దు.

అయిదో అడుగు: పాట పేరుతో కాదు, పాడినవాళ్ల పేరుతో వెతకండి

ఒట్టి "సకుర" అని కొడితే ఏది వస్తుందో దేవుడికే తెలియాలి. మోరియామాది 2003, కెత్సుమెయిషిది, కొబుకురొది 2005, ఇకిమొనొగకరిది 2006, అన్నీ సకురలే. పైగా జపాన్ వాళ్లు ఆ మాటని మూడు లిపుల్లో రాస్తారు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి గాయని పేరు కొట్టి, ఆమె పేజీలోకి వెళ్లి, విడుదలైన ఏడాది చూసి పట్టుకోండి.

ఒరిజినల్ అవునో కాదో చూసుకోండి. మ్యూజిక్ బాక్స్ రూపాలు, పియానో రూపాలు, కరవోకె ట్రాకులు, ఎవరెవరో పాడిన కవర్లు కుప్పలుగా ఉంటాయి. జపాన్ సంగీత సంస్థలకి ఇంకో అలవాటుంది, యూట్యూబ్‌లో పాటలో సగమే పెట్టి షార్ట్ వెర్షన్ అంటారు. నాలుగున్నర నిమిషాల పాట రెండు నిమిషాలకే ఆగిపోతే మీ ఫోన్‌ని అనుమానించకండి. పూర్తి పాట స్పాటిఫై లాంటి యాప్‌లో ఉందేమో చూడండి. కొన్ని పాటలు ఇండియాలో తెరుచుకోవు, వాటికి గాయని కచేరీ వీడియోలే గతి.

ఆరో అడుగు: అనువాదాన్ని సగమే నమ్మండి

జపనీస్ వాక్యంలో కర్త చాలాసార్లు ఉండదు. మనమూ "వెళ్లొస్తా" అంటాం, "నేను" అనం కదా, అదే పద్ధతి ఇంకా ఎక్కువ. యంత్రం ఆ ఖాళీలో తనకు తోచిన "నేను", "అతను" పెట్టేస్తుంది. అప్పుడు వదిలి వెళ్లినవాళ్లు, మిగిలిపోయినవాళ్లు తారుమారవుతారు. ఎవరు రైలెక్కారో తేలకపోతే పాట పోయినట్టే.

ఇంకో తిరకాసు "బొకు". మాటల్లో అది ఎక్కువగా మగపిల్లలు తమ గురించి చెప్పుకునే "నేను". పాటల్లో మాత్రం అమ్మాయిలూ ధారాళంగా వాడతారు, ఏకేబీ48 పాటల నిండా అదే. కాబట్టి బొకు వినగానే కథానాయకుడు మగవాడని తేల్చేయకండి. ఎదుటివాళ్లని పిలిచే "కిమి" అయితే ఆడా మగా ఎవరైనా కావచ్చు, ప్రేమికుడైనా స్నేహితురాలైనా కావచ్చు. మీకు ఎవరు గుర్తొస్తే వాళ్లే అనుకుని వినే వీలు ఈ పాటల్లో అలా దొరుకుతుంది.

ఏడో అడుగు: తెలుగులో రాసుకుని పాడండి

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న సాహిత్యం చూసి పాడితే అచ్చులు చెడతాయి. నోట్‌బుక్ తీసి తెలుగులో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా ప్రాణంతో సమానం, అది మన లిపిలో చక్కగా కూర్చుంటుంది. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే బామ్మ. అక్కడ పొరపాటు పడితే పిన్నిగారికి కోపం రావడం ఖాయం. హ్రస్వమైన ఎ, ఒ కూడా మనకి అక్షరాలుగా ఉన్నాయి కాబట్టి "కొరొ" అని ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు. మనం అలవాటుగా సకురా అని సాగదీస్తాం, మామూలు మాటలో చివర హ్రస్వమే, సకుర.

కష్టమనుకునే శబ్దాలు రెండు మన ఇంట్లోనే ఉన్నాయి. "త్సు" రాక హిందీవాళ్లు తిప్పలు పడతారు. మనం చుక్క, చాలా అన్నప్పుడు పలికే దంత్యమైన చ దానికి అతి దగ్గర. నత్సు అంటే వేసవి, చుక్కలోని చు పెట్టి పలికితే సరిపోతుంది. అలాగే "సెంబొన్‌జకుర", "సకురజక"ల్లోని జ, జడలో పలికే జ. జీవితంలోది కాదు. ఇక వాళ్ల "న్" మన సున్న లాంటిదే, పక్కన ఏ హల్లు ఉంటే దానికి తగ్గట్టు మారుతుంది. ఒకటే తేడా, పాటలో ఆ సున్నకి సొంతంగా ఒక మాత్ర ఇస్తారు. సెం-బొన్ అన్నప్పుడు రెండు అక్షరాలు కాదు, సె, ం, బొ, న్, నాలుగు దెబ్బలు. తొడ మీద తాళం వేసుకుంటూ లెక్కపెడితే పట్టుబడుతుంది.

మోరియామా పాట పైస్థాయి అందకపోతే కరవోకె యాప్‌లో శ్రుతి రెండు మెట్లు మార్చుకోండి. జపాన్ కరవోకె గదుల్లో మీటలే ఉంటాయి దానికి, నామోషీ ఏమీ లేదు.

చివరగా, ఎలా వినాలంటే

పైన చెప్పినవన్నీ కలిపితే పదిహేను పాటలు, గంట పైచిలుకు. షఫుల్ ఆపేయండి, లేకపోతే ఇంత వరసా బూడిదలో పోసిన పన్నీరే. రోజూ మొత్తం వినక్కర్లేదు. మొగ్గ పాటలు పొద్దున వంటింట్లో, నిండు పూత పనుల్లో, రేకుల వాన సాయంత్రం నడకలో బాగుంటాయి. చిగురాకు పాటలు ఏప్రిల్ నెలాఖరు దాకా ముట్టుకోకుండా ఉంచితే ఇంకా బాగుంటుంది గానీ, అంత నిగ్రహం ఎవరికుంటుంది.

ఎవరికైనా పంపించేటప్పుడు మాత్రం సందర్భం చూసుకోండి. పై చదువులకి వెళ్తున్న చెల్లెలికో కూతురికో అయితే మోరియామా పాట. పెళ్లి కుదిరిన స్నేహితురాలికి "హనమిజుకి". సంబంధం తెగి ఏడుస్తున్న పిల్లకి మొదటి వారంలోనే "సకుర డ్రాప్స్" పంపకండి. ముందు "యొజకుర ఒషిచి" పెట్టి ఒకసారి గట్టిగా అరవనివ్వండి, ఉతద సంగతి నెల తర్వాత చూద్దాం.